నొప్పి లేని పుండు

నొప్పి పుట్టని పుండును పుండు అనకూడదని పద్దెనిమిదేళ్లు వాదించినవాణ్ణి నేను. ఆ మాట చెప్పే ముప్పై మందికి పైగా మనుషులను తొట్టి దగ్గర నిలబెట్టాను. వాళ్లలో ఆఖరివాడు నా అల్లుడు.

మాది కుళాయిలకు క్రోమ్ పూత వేసే ఫ్యాక్టరీ. ఇత్తడి కుళాయి మాసిన మొహంతో లోపలికి వస్తుంది, నాలుగైదు తొట్లలో మునిగి లేచి, పెళ్లికొడుకులా మెరుస్తూ బయటికి వెళుతుంది. పొద్దున్నే మొహం కడుక్కునేటప్పుడు కుళాయి మీద మీ ముక్కు లావుగా కనిపిస్తుందే, ఆ మెరుపు మా చలవే. ఆఖరి తొట్టిలో ఉండేది క్రోమ్ ద్రావకం. డికాషన్ కంటే ఎర్రగా ఉంటుంది. కరెంటు పెట్టగానే బుసబుసా పొంగి, పచ్చటి ఆవిరి లేస్తుంది. ఆ తుంపర చేతుల మీద పడుతుంది, బట్టల్లోకి ఇంకుతుంది, ముక్కులోకి పోతుంది. గ్లౌజులు ఉన్నాయి. వాటికి చిల్లులూ ఉన్నాయి. చిల్లు గ్లౌజులోకి ద్రావకం దిగితే రోజంతా చెయ్యి అందులోనే నానుతుంది కాబట్టి ఎవరూ వేసుకోరు.

చేరిన నాలుగైదు నెలలకు వేలి కణుపు మీద కందిగింజంత గుంట పడుతుంది. అంచు గట్టిగా, ఎత్తుగా ఉంటుంది. మధ్యలో మేకుతో పొడిచినట్టు లోతు. దాన్ని మేము కన్ను అంటాం. అది నొప్పి పెట్టదు. నొక్కినా, గుచ్చినా, నీళ్లు తగిలినా ఏమీ తెలియదు. మొదటి కన్ను పడ్డవాడు అందరికీ టీ ఇప్పించాలని మా దగ్గర ఒక ఆచారం ఉంది. ఆ టీ తాగిన రోజు నుంచి వాడు మావాడు. అంతవరకూ వాడి పేరు పచ్చిచేతులోడు. ఈ ఆచారం నేను పుట్టించింది కాదు, కానీ టీ గ్లాసు పైకెత్తి "కన్ను తెరిచాడర్రా!" అని అరిచే పెద్దరికం మాత్రం ఎప్పుడూ నాదే.

నా రెండు చేతుల మీద పదకొండు కళ్లున్నాయి. ముక్కు మధ్య గోడకు ఒక కన్నం ఉంది. గట్టిగా ఊపిరి తీస్తే ఈల వస్తుంది. అందుకని నన్ను ఈల మేస్త్రీ అంటారు. కొత్తగా చేరినవాళ్ల ముందు ఒక ముక్కులోంచి దారం పెట్టి రెండో ముక్కులోంచి లాగి చూపించేవాణ్ణి. వాళ్లు కళ్లు తేలేసేవాళ్లు, నేను మీసం దువ్వేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఏడాదికి ఒకసారి ఆరోగ్య తనిఖీకి డాక్టరు వస్తాడు. ఆ పూట కళ్లున్నవాళ్లందరినీ పాత సామాన్ల గదిలోకి పంపించి బయట గడియ పెడతాం. ప్యాకింగులో అట్టపెట్టెలు కట్టేవాళ్లకు కొత్త గ్లౌజులు తొడిగి తొట్ల దగ్గర నిలబెడతాం. డాక్టరు చూసి, చేతులన్నీ శుభ్రంగా ఉన్నాయని రాసుకుని వెళ్లిపోతాడు. ఎవరు లోపల, ఎవరు బయట అని తేల్చేది నేనే. నేను మాత్రం గ్లౌజులు తొడుక్కుని డాక్టరు పక్కనే తిరిగేవాణ్ణి. మేస్త్రీని గ్లౌజు తీయమని ఎవడడుగుతాడు?

ఇంత అవస్థ ఎందుకంటారా? డాక్టరు పుస్తకంలో పేరు ఎక్కితే మర్నాడే పనిలోంచి తీసేస్తారని మా నమ్మకం. నాకు మేనేజరు చెప్పాడు. మిగిలినవాళ్లకు నేను చెప్పాను.

ఈసారి తనిఖీకి ముందురోజు మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. "మేస్త్రీగారూ, కొత్త డాక్టరమ్మ వస్తోందట. గ్లౌజులు విప్పించి మరీ చూస్తుందట. ముక్కులో టార్చి కూడా వేస్తుందట."

"అయితే?"

"మీరు కూడా కాస్త లోపల..."

"నేనా?"

"రెండు గంటలేనండీ. లోపల కుర్చీ వేయిస్తాను, టీ పంపిస్తాను." అరచేతిలో వైకుంఠం చూపించడంలో మా మేనేజరుకు సాటి లేరు. ఆ కుర్చీ రాలేదు, ఆ టీ కూడా రాలేదు.

మర్నాడు పదిన్నరకు ఆరుగురం ఆ గదిలోకి వెళ్లాం. నేను, అల్లుడు, తొట్టి పనివాళ్లు నలుగురు. ఆ నలుగురిలో ఒకడికి రేడియో అని పేరు. వాడి నోరు నిద్రలో కూడా ఆగదు. బయట గడియ పడిన చప్పుడు నేను ఎన్నోసార్లు విన్నాను, ఎందుకంటే పెట్టింది నేనే. లోపలి నుంచి వినడం అదే మొదటిసారి. ఆ చప్పుడు లోపలికి ఇంకోలా వినిపిస్తుందని నాకు తెలియదు.

గదికి కిటికీ లేదు. ఒక బల్బు. విరిగిన కొక్కేలు, కుళాయిలు తగిలించే తుప్పుపట్టిన ఫ్రేములు, మూత లేని డబ్బాలు. గోడకు ఫ్యాక్టరీ మొత్తానికి కరెంటు వెళ్లే మెయిన్ బోర్డు. ఆరుగురం మోకాళ్లు మోకాళ్లకు తగిలేలా కూర్చుంటే ఇంక కాలు చాపడానికి చోటు లేదు. పావుగంటకే చొక్కాలు ఒంటికి అంటుకున్నాయి. నా ముక్కు ఈల ఆ ఇరుకులో నాకే చిరాకు పుట్టించింది.

"మేస్త్రీ, నీ ఈల ఆపుతావా, బస్సు వచ్చిందనుకుని అందరం ఎక్కేస్తాం," అన్నాడు రేడియో గుసగుసగా.

ఎవరో ముసిముసిగా నవ్వారు. రేడియోకు ఊపొచ్చింది. "ఏం అల్లుడుగారూ, ఇల్లరికం వచ్చినందుకు మామగారు మంచి విడిది ఇల్లే ఇప్పించారు!"

అల్లుడు నవ్వలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మణికట్టు దాకా మెత్తటి గుడ్డ చుట్టి ఉంది.

అతను మా ఇంటికి వచ్చి మూడేళ్లు. మా ఆవిడ పోయాక నేను ఒంటరిగా ఉంటానని, మా అమ్మాయి ఇల్లు వదలనంటే, అతనే బట్టల సంచీతో వచ్చాడు. మనిషి మంచివాడు, మాట తక్కువ. నేనే తీసుకెళ్లి ఫ్యాక్టరీలో పెట్టాను. ఫ్యాక్టరీలో అతను నాకు నువ్వు, ఇంట్లో మీరు. గేటు దాటగానే మర్యాద మార్చుకోవడం నాకు అలవాటైపోయింది. ఏడాదిన్నర అతని చేతులకు ఏమీ కాలేదు. అందరికీ పడినట్టే రెండు కళ్లు పడ్డాయి, టీ ఇప్పించాడు, నేను గ్లాసెత్తాను. తర్వాత మూడు నెలల కిందట చేతులు ఎర్రబడ్డాయి. వాచాయి. చిన్నచిన్న పొక్కులు లేచి, చిట్లి, నీరు కారి, ఎండి, పగిలి, మళ్లీ పొక్కులు లేచాయి. ఆ తర్వాత కనురెప్పలు కూడా ఉబ్బాయి. కణుపు మీద పడే కన్ను నొప్పి పెట్టదు గానీ ఇది వేరే. ఇది దురద. రాత్రిళ్లు మంచం పట్టెకు చేతులు రాసుకునేవాడు. "ఒళ్లు అలవాటు పడాలి అల్లుడూ, అందరికీ మొదట్లో ఇంతే," అన్నాను. అందరికీ ఇంత కాదని నాకు తెలుసు.

ఇంతలో రేడియోకు తుమ్ము వచ్చింది. వాడు నోరూ ముక్కూ మూసుకున్నాడు గానీ తుమ్ము మూసుకుంటుందా? గదంతా దద్దరిల్లింది. వెంటనే బయట పాలిష్ మోటారు బర్రుమని మోగింది. ఒక నిమిషం మోగి ఆగింది.

ఇది కూడా నా ఏర్పాటే. గది తలుపు పక్కనే పాలిష్ మోటారు ఉంటుంది. లోపలి నుంచి ఏ చప్పుడొచ్చినా మోటారు వేసెయ్యాలి. ఇవాళ ఆ పని మా అమ్మాయిది. అది ప్యాకింగులో పని చేస్తుంది. దాన్ని తొట్ల ఛాయలకు కూడా రానివ్వకూడదని చేర్పించిన రోజే మేనేజరుతో ఒట్టు వేయించుకున్నాను. ఇవాళ మనిషి చాలక మేనేజరు తొట్టి దగ్గర నిలబడమంటే, "నాన్న లోపల ఉంటే మోటారు దగ్గర నేనే ఉండాలి," అని అడిగి మరీ కూర్చుంది. కన్నకూతురు కాబట్టి ఆ మాట అంది అనుకుని మురిసిపోయాను.

"మామయ్యా," అన్నాడు అల్లుడు మోటారు ఆగాక. "ఒక మాట చెప్పాలి. పోయిన వారం నడుం పట్టేసిందని సెలవు పెట్టాను కదా. నడుం కాదు. పెద్దాసుపత్రికి వెళ్లాను."

నాకు కోపం వచ్చింది. "ఎవర్నడిగి వెళ్లావు?"

"ఎవర్నీ అడగలేదు. చర్మం డాక్టరు వీపు మీద పది చుక్కలు అంటించాడు. ఒక్కో చుక్కలో ఒక్కో మందు. రెండు రోజులు స్నానం చెయ్యొద్దన్నాడు. తర్వాత తీసి చూస్తే తొమ్మిది మామూలుగా ఉన్నాయి. ఒక్కటి పొంగింది. అది మన క్రోమ్‌ది."

"మందు రాసిచ్చాడా?"

"రాసిచ్చాడు. కానీ తొట్టి దగ్గర ఉన్నంతకాలం మందు పని చెయ్యదట. ఇది తగ్గిపోయే జ్వరం లాంటిది కాదట మామయ్యా. ఒంటికి ఒకసారి పడకుండా పోయిందంటే ఇంక ఎప్పటికీ పడదట. ఎన్నేళ్లు మానేసి వచ్చినా చర్మం గుర్తుపట్టేస్తుందట."

"అయితే మానెయ్యి. తాపీ పని చూద్దాం. మా తమ్ముడు ఉన్నాడు కదా."

"సిమెంటులో కూడా ఇది కొంచెం ఉంటుందట."

"చెప్పుల ఫ్యాక్టరీ?"

"తోలు నానబెట్టేదే దీంతోనట."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అలా ఉంది.

"ఆ డాక్టరు ఒక దారి చెప్పాడు," అన్నాడు అల్లుడు. "తనిఖీకి వచ్చే డాక్టరు చూసి, ఇది పని వల్ల వచ్చింది అని పుస్తకంలో రాస్తే, ఫ్యాక్టరీయే వైద్యం చేయించాలట. ఇదే జీతం మీద వేరే పనిలోకి మార్చాలట. తీసెయ్యడానికి వీల్లేదట."

"రాస్తే తీసేస్తారు కదా!"

"ఎవరన్నారు?"

"మేనేజరు."

"మేనేజరు మీ ఒక్కరికే చెప్పాడు. మా అందరికీ చెప్పింది మీరు." ఆ మాట అతను నిందలా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. "ఇవాళ ఆవిడ నా చేతులు చూడకపోతే మళ్లీ ఏడాది ఆగాలి. ఆరు నెలలు ఇలాగే ఉంటే చర్మం మందంగా బిగుసుకుపోయి పిడికిలి ముడవడం కూడా కష్టమన్నారు."

"ఏమయ్యా, నీ ఒక్కడి కోసం మా అందరి నోట్లో మట్టి కొడతావా?" రేడియో గుసగుస అరుపులా వచ్చింది. "ఆసుపత్రివాడు చెప్పింది నిజమో కాదో నీకెలా తెలుసు? తీసేస్తే మా ఇంటికి వచ్చి వండి పెడతాడా?"

"నేను తలుపు తట్టొచ్చు," అన్నాడు అల్లుడు నా వైపే చూస్తూ. "కానీ మీరు వద్దంటే తట్టను. మీ ఇంట్లో ఉంటున్నాను, మీ చేతి కింద పని చేస్తున్నాను. మీ మాట కాదని తలుపు తడితే ఇవాళ సాయంత్రం ఏ ఇంటికి వెళ్లను?"

అడకత్తెరలో పోకచెక్క అయ్యాను. ఇటు చూస్తే అల్లుడు, అటు చూస్తే నా మాట నమ్మి బతుకుతున్న నలుగురు. ఆసుపత్రి డాక్టరు చెప్పింది అబద్ధమైతే ఆరు ఇళ్లలో పొయ్యి ఆరిపోతుంది. నిజమైతే పద్దెనిమిదేళ్లుగా నేను దాచిపెట్టింది ఎవర్ని, ఎవరి నుంచి? ఆ ప్రశ్న వైపు చూడ్డానికి కూడా భయం వేసింది. అవును, భయమే. మీసాలున్నవాడికి భయం ఉండదని ఎవరూ చెప్పలేదు.

అప్పుడే బయట మాటలు వినిపించాయి.

"అందరూ గ్లౌజులు తియ్యండి," అంది ఒక ఆడగొంతు. తర్వాత, "బాగున్నాయి. మీవీ బాగున్నాయి. ఎన్నేళ్ల నుంచి ఈ తొట్టి దగ్గర?"

"ఐదేళ్లండి," అన్నాడు నిన్నటిదాకా తొట్టి మొహం చూడనివాడు. ఆ ఐదేళ్ల లెక్క కూడా నేనే నేర్పాను.

అడుగులు మా వైపు వచ్చాయి. తలుపు ముందు ఆగాయి.

"ఈ గదిలో ఏముంది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తలుపు మూసి ఉండగానే ఆరుగురం చేతులు చంకల్లో దాచుకున్నాం. కుక్కిన పేనుల్లా ఉన్నాం. నా ముక్కు ఈల వినపడకుండా నోటితో ఊపిరి తీశాను.

"ఏం లేదు మేడమ్. పాత సామాను," అన్నాడు మేనేజరు, చిన్నగా నవ్వి.

అబద్ధం చెప్పమని అతనికి నేర్పిందీ నేనే. ప్రతి ఏడూ నా నోటితో నేనే ఆ రెండు మాటలూ డాక్టరుకు చెప్పాను. బయట నిలబడి చెప్పినప్పుడు అది ఉత్త మాట. లోపల కూర్చుని వింటే ఒళ్లంతా కారం పూసినట్టయింది. పాత సామాను! పక్కన ముప్పై ఏళ్లు నిండనివాడు గుడ్డ చుట్టిన చేతులతో కూర్చున్నాడు. అడుగులు తలుపు దగ్గర నుంచి కదిలాయి.

నేను లేచాను. రేడియో నా పంచె పట్టుకున్నాడు, విదిలించుకున్నాను. పిడికిలితో తలుపు మీద బాదాను.

మోటారు బర్రుమంది.

ఇంకా గట్టిగా బాదాను. విరిగిన ఫ్రేము కడ్డీ తీసుకుని బాదాను. "తలుపు తియ్యండి!" అని అరిచాను. మోటారు మోత ఇంకా పెరిగింది. నా కూతురు నా మాట జవదాటే పిల్ల కాదు. తాను తీసిన గోతిలో తానే పడ్డవాడి సామెత చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు వాడాను, గొయ్యి ఎంత లోతో ఇప్పుడు తెలిసింది. అల్లుడు కూడా లేచి మోచేతులతో తలుపు గుద్దాడు. చేతులతో గుద్దలేడు కదా. ఏం లాభం లేదు. ఆ మోతలో ఆ గది లోపల ఆరుగురు చచ్చిపోయినా బయటికి తెలియదు.

అప్పుడు మెయిన్ బోర్డు వైపు చూశాను.

"మేస్త్రీ, వద్దు!" నేను దేన్ని చూస్తున్నానో రేడియో పసిగట్టాడు. "తొట్టిలో సరుకుంది!"

నాకు తెలియదా? ఆఖరి తొట్టిలో రెండు ఫ్రేములు, నలభై ఎనిమిది కుళాయిలు. క్రోమ్ ఎక్కుతుండగా కరెంటు పోతే అంతే సంగతులు. మళ్లీ పెట్టినా మీద పొర కింద పొరకు అతకదు, పాలు విరిగినట్టు తెల్లగా మచ్చపడి పెచ్చులు లేస్తుంది. ఒక్క కుళాయి చెడినా ఆ పూట అన్నం సహించనివాణ్ణి నేను. మా ఆవిడ పోయిందని కబురొచ్చిన రోజు కూడా, తొట్లలో ఉన్న ఫ్రేములు బయటికి తీయించి, కడిగించి, అప్పుడు ఇంటికి వెళ్లాను.

హ్యాండిల్ పట్టుకుని కిందికి లాగేశాను.

బల్బు ఆరిపోయింది. మోటారు మూలిగి మూలిగి ఆగింది. తొట్ల పొంగు, ఫ్యాన్ల మోత, అన్నీ ఆగిపోయాయి. ఆ ఫ్యాక్టరీలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. చీకట్లో అల్లుడి ఊపిరి, నా ఈల మాత్రమే మిగిలాయి.

"అమ్మా, తలుపు తియ్యి," అన్నాను.

తలుపుకు నోరు ఆనించి మా అమ్మాయి మెల్లిగా అంది. "నాన్నా, వాళ్లు ఇంకా వెళ్లలేదు. కాసేపు చప్పుడు చెయ్యకండి."

"వెళ్లలేదనే తియ్యమంటున్నాను."

ఆఖరికి గడియ జారింది.

వెలుతురుకు కళ్లు చికిలించుకుంటూ బయటికి వచ్చాం. ఎదురుగా డాక్టరమ్మ, చేతిలో పుస్తకం. వయసులో మా అమ్మాయి కంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. పక్కన మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరు వీళ్లు?"

"కరెంటు పనివాళ్లు మేడమ్. బోర్డు రిపేరు..."

"కాదమ్మా," అన్నాను. "ఆ తొట్ల దగ్గర పని చేసేది మేము. అక్కడ నిలబడ్డవాళ్లు అట్టపెట్టెలు కట్టేవాళ్లు. నేను మేస్త్రీని. ప్రతి ఏడూ మనుషుల్ని ఈ గదిలో దాచింది నేనే. ముందు ఈయన చేతులు చూడండి. మా అల్లుడుగారు." తర్వాత అతని వైపు తిరిగి, "మీరు చూపించండి," అన్నాను.

అతను గుడ్డలు విప్పాడు. ఆఖరి చుట్టు చర్మానికి అంటుకుపోయింది. డాక్టరమ్మ నీళ్లు తెప్పించి, తడిపి, తానే విప్పింది. వేళ్ల సందులు, మణికట్టు, కనురెప్పలు చూసింది. ఎప్పుడు మొదలైంది, సెలవు రోజుల్లో తగ్గుతుందా అని అడిగింది. పుస్తకంలో చాలాసేపు రాసింది. రాసింది అతనికి చదివి వినిపించింది. "పని వల్ల" అన్న మాట నేను నా చెవులతో విన్నాను. అల్లుడు తల వంచుకున్నాడు. అతని భుజాలు కదిలాయి.

తర్వాత నావి చూసింది. పదకొండు కళ్లూ ఒక్కోటి లెక్కపెట్టింది. ముక్కులో టార్చి వేసింది. నేను చీవాట్ల కోసం ఎదురు చూశాను. అవి కూడా పడకపోయేసరికి ఎక్కడ చూడాలో తెలియలేదు. నా వెనక, గొణుక్కుంటూనే, రేడియో చేతులు చాపాడు. మిగిలిన ముగ్గురూ చాపారు.

"మొత్తం ఆరుగురు," అంది డాక్టరమ్మ. "ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరమ్మా. ఆరుగురమే," అన్నాను గట్టిగా. మనుషుల లెక్క నాకు తప్పదు.

"ఏడుగురు," అంది మా అమ్మాయి.

ఆగిపోయిన మోటారు పక్కన నిలబడి ఉంది. తనిఖీ కోసం ఇచ్చిన కొత్త గ్లౌజులు ఇంకా చేతులకు ఉన్నాయి. వరసలో నిలబడలేదు కాబట్టి వాటిని తీయమని ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఒక్కో వేలూ వదులు చేసుకుంటూ, పళ్లు బిగబట్టి, మెల్లిగా తీసింది. అవి అల్లుడి చేతుల్లాగే ఉన్నాయి. ఎర్రగా, పగిలి, నీరు కారుతూ. అల్లుడి వైపు చూశాను. అతను నా చూపు తప్పించుకున్నాడు. అతనికి తెలుసు.

"అదేంటే! నిన్ను తొట్టి ఛాయలకు కూడా పోనివ్వలేదు కదా!" అంతమందిలో అరిచేశాను. "నాలుగు నెలలుగా గిన్నెల సబ్బు పడట్లేదన్నావు! రెండు సార్లు సబ్బు మార్పించాను కదే!"

డాక్టరమ్మ దాని చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. "ఏం పని చేస్తావమ్మా?"

"ప్యాకింగ్ అండి. అట్టపెట్టెలు కడతాను."

"ఆ నీళ్లు ఎక్కడైనా తాకుతావా?"

"ఇక్కడ తాకనండి. సాయంత్రం ఇంటికి వెళ్లాక వీళ్లిద్దరి బట్టలు ఉతుకుతాను. నానబెడితే నీళ్లు పచ్చగా వస్తాయి. నాలుగైదు సార్లు జాడిస్తే గానీ పోవు."

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడేళ్ల నుంచండి. అంతకుముందు అమ్మ ఉతికేది."

మా ఆవిడ నలుగురిలోకి వస్తే చేతులు కొంగులో చుట్టుకునేది. సిగ్గనుకునేవాణ్ణి. తనది కూడా సబ్బు గొడవే. పదిహేనేళ్లు నా బట్టలు ఉతికింది, నేను ఒక్కసారి కూడా ఆ చేతులు పట్టుకుని తిప్పి చూడలేదు.

"అమ్మకు కూడా ఇలాగే ఉండేవా?" అని అడిగింది డాక్టరమ్మ.

మా అమ్మాయి నా వైపు చూసింది. "ఉండేవి," అన్నాను నేను. డాక్టరమ్మ అది కూడా రాసుకుంది.